ఒక్కసారి అందరూ బయటికెళ్ళండి

సిస్టరమ్మ పోయారన్న కబురు మా ఇంటికి పొద్దున్నే వచ్చింది. ఆవిడ అక్క కూతురి భర్త గేటు దగ్గరే నిలబడి, "అయిపోనాది ఒదినా, తెల్లారగట్ల" అని చెప్పి, ఇంకా చెప్పాల్సిన ఇళ్ళున్నాయని వెళ్ళిపోయాడు. నేను చేతిలో బియ్యం చేటతో అక్కడే నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది, నిజమే. కాని దానికంటే ముందు ఇంకోటి వచ్చింది. భయం. ఆఖరి ఘడియలో ఆవిడ నోటివెంట ఏం వచ్చిందో, అప్పుడు పక్కన ఎవరున్నారో అన్న భయం. వెనక్కి తిరిగి చూస్తే మా అత్త వసారాలో మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఎప్పుడు పోయారు, ఎలా పోయారు అని ఆవిడ కూడా అడగలేదు. "కాడ ఎవులున్నారట?" అంది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనం గురించి రాయాలంటారు. సిస్టరమ్మ మంచితనం గురించి రాయాలంటే నా భయం గురించి రాయక తప్పదు. మాలాంటివాళ్ళం ఎంతోమంది మా భయాలన్నీ మూట కట్టి ఆవిడ దగ్గర పెట్టి వచ్చాం. ఆవిడ వాటిని కడుపులో దాచుకుని మా మధ్యే తిరిగారు.

మేము పోర్ట్‌బ్లెయిర్‌కి ఉత్తరాన, దీవిలో, మాయాబందర్‌లో ఉన్న రోజుల్లో ఆవిడ అక్కడి ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో నర్సు. తెలుగువాళ్ళం సిస్టరమ్మ అనేవాళ్ళం, కూలిపనికొచ్చి స్థిరపడ్డ రాంచీవాళ్ళూ బెంగాలీలూ దీదీ అనేవాళ్ళు. వాళ్ళ తాత మా శ్రీకాకుళం తీరం నుంచే వలలు భుజానేసుకుని వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆవిడ మాత్రం దీవిలోనే పుట్టి పెరిగారు. తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో హిందీ దొర్లేది, హిందీ మాట్లాడుతుంటే మధ్యలో ‘ఏటి’ దొర్లేది. పొట్టి మనిషి. కాళ్ళకి ఎప్పుడూ రబ్బరు చెప్పులే. వాటిని నేలకి రాస్తూ, చప్పుడు చేసుకుంటూ నడిచేవారు. పెద్ద డాక్టరు ఒకసారి ఆ చప్పుడేమిటని విసుక్కుంటే, నేనొస్తున్నానని తెలిస్తే మాట్లాడుకునేవాళ్ళు ఆపుకుంటారు, నేను వినకూడనిది వినే బాధ నాకుండదు అన్నారట. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎంతమంది అడిగినా చెప్పలేదు. తన సంగతైనా అంతే, మా సంగతైనా అంతే.

నేను దీవికి కోడలిగా వచ్చినదాన్ని. పుట్టుకతోనే పిరికిదాన్ని. బల్లి పలికినా, దీపం ఆరినా ఏదో జరగబోతుందని గుండె పట్టుకునే రకం. ఓడలో వస్తున్నంతసేపూ నీళ్ళంటే భయం, దిగాక అడవంటే భయం. కొన్నాళ్ళకి ఆ రెండూ అలవాటయ్యాయి. అలవాటు కానిది హిందీ. మా అత్తవారింట్లో పసిపిల్లలు కూడా హిందీలో పోట్లాడుకునేవారు. నేను పదో తరగతి దాకా తెలుగులో చదివిన చదువంతా పడవలాగే జెట్టీ దగ్గర కూరగాయలు కొనడానికి కూడా పనికిరాలేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా మా ఆడపడుచు పక్కనుండాలి. అప్పటికి ఇంకా పెళ్ళికాని పిల్ల. ఎంతో మంచిది, కాని నోట్లో నువ్వుగింజ నానదు.

మా వాళ్ళల్లో మనిషిని ఒంటరిగా ఆసుపత్రికి పంపడం పరువు తక్కువ. దానికి ఎనకాల ఎవులూ లేరేటి అంటారు. అందుకని ఒకరికి జబ్బు చేస్తే వరసలోని ఇళ్ళన్నీ బయల్దేరతాయి. అత్త, ఆడపడుచు, తోడికోడలు, పక్కింటి పెద్దమ్మ అందరూ వస్తారు. పడవ అప్పుడే ఒడ్డుకొచ్చి ఉంటే పడవవాళ్ళు ఆ చేపల వాసనతోనే వచ్చి మంచం చుట్టూ నిలబడతారు. అది ప్రేమే, కాదనను. కాని డాక్టరు ఏదడిగినా అంతమందీ వింటారు, జవాబు కూడా అంతమందీ చెబుతారు. రోగి నోరు విప్పే పనే ఉండదు. పైగా డాక్టర్లు మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళు, హిందీలోనే అడుగుతారు. నాలాంటిదానికి మధ్యలో ఇంటి మనిషి ఉండి, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చెప్పాలి. నా ఒంట్లో బాధ మా ఆడపడుచు నోటి గుండా వెళ్తే గాని డాక్టరు చెవికి చేరేది కాదు.

రెండో కాన్పులో నేను చచ్చి బతికాను. రక్తం ఆగలేదు. మళ్ళీ ఇంకో కాన్పంటే కష్టమని అప్పటి లేడీ డాక్టరు చెప్పింది, సిస్టరమ్మ నాకు తెలుగులో చెప్పారు. ఆ కాన్పులోనూ ఆడపిల్లే. మా అత్త పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని నూనె రాస్తూ, ముద్దులాడుతూనే, "పడవకి మగోడు కావాల గదే. మల్లీ ఏడు సూద్దాం" అంది. ప్రేమగానే అంది. నాకు డాక్టరు మాటే గుర్తొచ్చింది. మా ఆయనతో చెబితే, అమ్మ ఉండగా నేనేం చెప్పనంటూ వల సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ ముందు ఏడాదే మా వరసలో ఒక కోడలు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకుంది. సంగతి బయటపడ్డాక ఆమెని పోర్ట్‌బ్లెయిర్ బోటెక్కించి, అక్కణ్ణుంచి ఓడెక్కించి పుట్టింటికి పంపేశారు. పిల్లల్ని మాత్రం ఇక్కడే ఉంచేసుకున్నారు. బోటు కదులుతుంటే ఆ పిల్లలు జెట్టీ మీద నిలబడి చూడటం నేను చూశాను. మా అత్త పక్కవాళ్ళతో, "మా ఇంట్లో ఐతే నానూ ఇదే సేద్దును" అంది. నా వైపు చూసి అనలేదు. అయినా ఆ మాట నాకు ముల్లులా దిగబడిపోయింది.

చిన్నదానికి టీకా వేయించడానికి వెళ్ళిన రోజు మా అత్త కాలు బెణికి ఇంట్లో ఉండిపోయింది. ఆడపడుచు పిల్లని ఎత్తుకుని బయట ఆడిస్తోంది. అదే సందు. నేను సిస్టరమ్మ దగ్గర బోరుమన్నాను. ఆవిడ లేడీ డాక్టరుతో మాట్లాడి, నాకు అన్నీ వివరంగా చెప్పి, లూపు వేయించారు. అది లోపల ఉన్నంతకాలం కడుపు రాదు, వద్దనుకుంటే తీయించుకోవచ్చు. ఆ రోజు నడిచి ఇంటికొస్తుంటే దారిలో కనిపించినవాళ్ళందరికీ నా మొహం చూసి తెలిసిపోతుందేమో అనిపించింది. ఎవరికీ తెలియలేదు. కొన్నాళ్ళకి లేడీ డాక్టరు బదిలీ అయి వెళ్ళిపోయింది. ఇక ఆ సంగతి తెలిసింది నాకూ సిస్టరమ్మకే.

వానాకాలంలో నాకు పొత్తికడుపులో నొప్పి మొదలైంది. ముందు సన్నగా, తర్వాత మెలిపెట్టినట్టు. ఒళ్ళు కాలిపోతోంది. జీపు మాట్లాడి తీసుకెళ్ళారు. ఎప్పటిలాగే వరసంతా వచ్చింది, పడవవాళ్ళు కూడా వచ్చారు. డాక్టరు కొత్తగా వచ్చిన కుర్రవాడు. పొట్ట నొక్కి చూసి హిందీలో ఏదో అడిగాడు. మా ఆడపడుచు మొహం ఎర్రబడింది. తల్లి వైపు చూసింది, పడవవాళ్ళ వైపు చూసింది, తల వంచుకుని, "నిన్న ఏటి తిన్నావు అంటన్నారు ఒదినా" అంది. చేపల పులుసూ అన్నం అన్నాను. అది హిందీలోకి వెళ్ళింది. డాక్టరు బిత్తరపోయి మళ్ళీ అడిగాడు. ఈసారి, నీళ్ళు కాచి తాగుతున్నావా అంటున్నారంది. తాగుతున్నానన్నాను. ఆయన అడుగుతున్నది నెలసరి గురించి అని నాకు తర్వాత తెలిసింది. పెళ్ళికాని పిల్ల, కన్నతల్లి ముందర, అంతమంది మగాళ్ళ ముందర ఆ మాట ఎలా పలుకుతుంది? దాని తప్పేం లేదు. కాని నేను ఆ పూట చచ్చిపోయి ఉంటే చేపల పులుసు తినే పోయిందని చెప్పుకునేవారు.

డాక్టరుకి విసుగొచ్చింది. ఆడపడుచుని వదిలేసి నేరుగా మా అత్తని అడగడం మొదలుపెట్టాడు. ఆ హిందీ అంతా నాకు గాలి హోరులా వినిపిస్తోంది. అందులోంచి ఒక్క మాట మాత్రం తెలిసిన మాట వినబడింది. లూపు.

నా ప్రాణం ఆ క్షణానే పోయిందనుకున్నాను. మా అత్త కళ్ళు చిన్నవి చేసి, "లూపా? గోడల మీద బొమ్మేసి ఉంటాది, అదేటి?" అంది. ముందు డాక్టరు మొహం చూసింది, తర్వాత నెమ్మదిగా నా మొహం చూసింది. నేను మంచం అంచు పట్టుకున్నాను. చెప్పకపోతే ఈ నొప్పితో పోతాను. చెబితే ఓడెక్కుతాను, నా ఇద్దరు పిల్లలూ జెట్టీ మీద నిలబడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడు రబ్బరు చెప్పుల చప్పుడు వినబడింది. ఆ చప్పుడుతో నా భయం ఇంకా పెరిగింది. లూపు సంగతి తెలిసిన మనిషి వస్తోంది, ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. సిస్టరమ్మ వచ్చి నన్ను ఎప్పుడూ చూడనట్టే చూశారు. నుదుటి మీద చెయ్యి వేశారు. డాక్టరుతో హిందీలో ఏదో చిన్నగా అన్నారు. తర్వాత మా వాళ్ళ వైపు తిరిగి, "ఒక్కసారి అందరూ బయటికెల్లండి. భయ్యా, ఆప్ లోగ్ భీ" అని పడవవాళ్ళని కూడా కలిపి అన్నారు.

ఎవరూ కదల్లేదు. మా అత్త అసలు కదల్లేదు. "నా కోడలు, నానెందుకెల్తాను? దీనికి ఇందీ రాదు, ఎవులు సెప్తారు?" అంది. సిస్టరమ్మ గొంతు పెంచలేదు. మంచం పక్కనున్న ఒకే ఒక్క స్టూలు తీసి మా అత్త చేతికిచ్చారు. "నాను సెప్తాను గాని, మీతో ఒక పనుందమ్మా. ఈ మగాలు ఊరుకోరు, మాటిమాటికీ తొంగి సూస్తారు. మీరు తలుపుకాడ కూకోండి. మీరుంటే ఒక్కడూ రాడు" అన్నారు.

మా అత్తకి పెద్దరికమంటే ప్రాణం. స్టూలు పుచ్చుకుని, పడవవాళ్ళందర్నీ ముందు తోలుకుంటూ వెళ్ళి, గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. కాళ్ళు కూడా బారజాపింది. టీ తెచ్చిన మనిషిని కూడా రానివ్వలేదని తర్వాత ఆడపడుచు చెప్పింది.

సిస్టరమ్మ పరదా లాగి నా చెవి దగ్గరికి వంగారు. "డర్... బయం ఏటీ లేదు. డాక్టరుగారికి సెప్పమంటావా? ఆయనకి తెలిస్తేనే మందు పడతాది. ఆయన్ని దాటి ఎల్లదు. నువ్వు ఊఁ అంటేనే సెప్తాను" అన్నారు. ఆ జ్వరంలో, ఆ నొప్పిలో నన్నడగాలా? ఆవిడకి తెలుసు, డాక్టరు పక్కనే ఉన్నాడు, ఒక్క మాట అనేస్తే పోయేది. అయినా అడిగారు. గుమ్మం దగ్గర మా అత్త ఎవరినో లోపలికెల్లకండి అని కసురుతోంది. ఆ గొంతు వింటూనే నేను ఊఁ అన్నాను. లూపు తీసేశారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నేను బతికాను.

కాని ఆ రోజు భయం అక్కడితో తీరలేదు. పరదా తీయకముందే మా అత్త లేచి వచ్చి దానికేమైందని అడిగింది. కడుపులో వాపొచ్చి చీము పట్టింది, మందిస్తున్నాం, తగ్గిపోతుంది అని సిస్టరమ్మ చెప్పారు. ఎందుకొచ్చిందంది అత్త. నేను పరదా వెనక వింటున్నాను. చెడ్డ నీళ్ళ వల్ల అనేస్తారనుకున్నాను. ఆవిడ అలా అనలేదు. "అది ఆవిడ ఒంటి సంగతి. సెప్తే ఆవిడే సెప్పాలమ్మా. రోగం ఒంటికొస్తాది, ఇంటికి కాదు" అన్నారు.

గట్టున పడ్డానని అనుకుంటుంటే మళ్ళీ నూతిలోకి తోసినట్టైంది. ఇక మా అత్త వచ్చి నన్నే అడుగుతుంది. పరదా పక్కకి జరిగింది. అత్త నిలబడి నన్ను చాలాసేపు చూసింది. చేతిలోని ఫ్లాస్కు కింద పెట్టింది. దుప్పటి నా పాదాల కింద దోపింది. ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు అడగలేదు, మర్నాడు అడగలేదు. ఇంటికొచ్చాకా అడగలేదు. అడగకపోవడం నాకు ఇంకా పెద్ద భయమైంది. సమయం చూసి అడుగుతుందనుకుని ఏళ్ళ తరబడి నిప్పుల మీద కూర్చున్నట్టే గడిపాను.

అబద్ధం ఆడి ఉండొచ్చు కదా అని నేనొకసారి సిస్టరమ్మతో నిష్ఠూరమాడాను. ఆవిడ దూది చుడుతూ విన్నారు. "దాయడం ఏరు, మార్సడం ఏరు. రేపు మీ అత్తకి నాను నిజం సెప్పినా నమ్మదు అప్పుడు. నీ మాట నీ సొత్తు. నువ్వు సెప్తే అది మాట, నాను సెప్తే దొంగతనం" అన్నారు. ఆ తర్వాత మా ఆయనతో నేనే చెప్పాను, ఆవిడ చెప్పమన్నారని కాదు, ఒంటరిగా మోయలేక. ఆయన అల్లుతున్న వల పక్కన పెట్టాడు. ముందే చెప్పాల్సింది అన్నాడు. మర్నాడు నాతోపాటు ఆసుపత్రికొచ్చి సిస్టరమ్మ ముందు చేతులు కట్టుకుని కూర్చుని, ఏం చేస్తే నాకు ప్రమాదం లేదో అన్నీ అడిగి తెలుసుకున్నాడు. మా ఇంట్లో మళ్ళీ కాన్పు మాట రాలేదు. విచిత్రంగా, మా అత్త కూడా పడవకి మగవాడు కావాలన్న మాట మానేసింది. అదెందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

బజార్లో ఎదురైతే సిస్టరమ్మ ఎవర్నీ ముందుగా పలకరించేవారు కాదు. మనం పలకరిస్తే నవ్వేవారు, బాగున్నారా అంటే బాగున్నాననేవారు, అంతే. జెట్టీ దగ్గరైనా, పెళ్ళిలోనైనా అదే తీరు. పొగరని పేరు పడింది. మా ఆడపడుచు ఆవిడ మెడ తిప్పే తీరుని అనుకరించి అందరినీ నవ్వించేది. నాకు మాత్రం తెలుసు. ఆవిడ నన్ను ఆప్యాయంగా పలకరిస్తే పక్కనున్నవాళ్ళు ఆవిడ నీకెలా తెలుసంటారు. ఆ ప్రశ్న రాకుండా ఉండటానికి ఆవిడ పొగరుబోతు అనిపించుకున్నారు. అయినా నా పిరికితనం నాది. ఆవిడా మా అత్తా ఒకచోట నిలబడి మాట్లాడుకుంటుంటే చాలు, నేనేదో పని కల్పించుకుని మధ్యలోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆవిడ సొంత అక్క కూతురికి సంబంధం వచ్చినప్పుడు ఇంకో సంగతి జరిగింది. అబ్బాయి మాయాబందర్ వాడే, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి వచ్చినవాడు. ఎందుకున్నాడో ఆవిడకి తెలుసు. అక్క వచ్చి అడిగింది, ఏడ్చింది, సొంత పిల్ల గొంతు కోస్తావా అని తిట్టింది. నాకు చెప్పే హక్కు లేదు, అతన్నే అడగండి అన్నారట సిస్టరమ్మ. అక్కాచెల్లెళ్ళకి మాటలు పోయాయి. ఈ కథ విన్నప్పుడు నాకూ కోపమొచ్చింది. నా పిల్లకే ఆ సంబంధం వచ్చి ఉంటే? రక్తసంబంధం కంటే ఈ పట్టుదల ఎక్కువా? ఇప్పటికీ ఆలోచిస్తే నాకు భయమేస్తుంది. అక్క కూతురు మాత్రం నేరుగా ఆ అబ్బాయి దగ్గరికే వెళ్ళింది. "అడిగినాను. సెప్పినాడు. సేసుకున్నాను" అని నాతో నవ్వుతూ చెప్పింది. అతను ఏం చెప్పాడో నేను అడగలేదు. మొన్న మా గేటు దగ్గర నిలబడి కబురు చెప్పిన మనిషి అతనే. రిటైరయ్యాక సిస్టరమ్మని పోర్ట్‌బ్లెయిర్ పక్కనున్న గరాచర్మ తీసుకొచ్చి, ఆఖరిదాకా ఎత్తి దించి సాకింది ఆ ఇద్దరే.

అప్పటికి మేమూ గరాచర్మ చేరాం. మా ఆయన పడవ మానేసి ఇంజిన్ల వర్క్‌షాపులో చేరాడు. మా ఇంటికి రెండు వీధుల అవతలే సిస్టరమ్మ ఇల్లు. ఈ మధ్య ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, నాలుక మాత్రం వదులైంది. మతి నిలవడం లేదు, నోటికొచ్చింది మాట్లాడుతున్నారని తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కబురు పాకింది. వెంటనే చూడటానికి జనం మొదలయ్యారు. మాయాబందర్ నుంచి బస్సెక్కి వచ్చారు, దానికీ అవతల డిగ్లీపూర్ నుంచి కూడా వచ్చారు. కొబ్బరిబొండాలూ అరటిపళ్ళూ పట్టుకొచ్చి, మంచం పక్క కూర్చుని ఆవిడ పెదవులనే చూసేవారు. ఒకరు లోపలుంటే ఇంకొకరు మళ్ళీ వస్తాంలే అని వీధిలోనే తిరిగేవారు. పిన్ని మీద ఎంత ప్రేమో చూడండి అని అక్క కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ప్రేమ ఉంది, నిజమే. దానితోపాటు ఏముందో నాకు తెలుసు, నేనూ అందుకే వెళ్ళాను కాబట్టి.

మా అత్త తానూ వస్తానంది. నడవలేవు, బస్సులొస్తుంటాయి, వద్దన్నాను. ఇంట్లో పనుంది కదా, నువ్వెందుకు, మనవరాల్ని తోడిచ్చి పంపు అంది తను. ఒకర్ని వదిలి ఒకరం వెళ్ళే పని పడలేదు. చివరికి ఆవిడ చెయ్యి పట్టుకుని నేనే నడిపించుకెళ్ళాను.

సిస్టరమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూశారు. గుర్తుపట్టారో లేదో తెలియలేదు. తర్వాత మా అత్తని చూశారు. చూపు అక్కడే ఆగింది. పెదవులు కదిలాయి. "వాన... ఆ యేల వాన కదమ్మా..." అన్నారు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ వానాకాలంలోనే. కాని ఆవిడ చూస్తున్నది నన్ను కాదు. మా అత్త వైపు చూశాను. ముడతలు పడ్డ ఆ చెయ్యి మంచం అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. అలా పట్టుకోవడం నాకు తెలుసు. ఆ వార్డులో నేను పట్టుకున్నది అలాగే.

సిస్టరమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. గొంతు సవరించుకున్నారు. అంతవరకూ ముద్దముద్దగా ఉన్న మాట ఒక్కసారిగా వార్డులో మాటలా స్పష్టంగా వచ్చింది. "ఒక్కసారి అందరూ బయటికెల్లండి."

"ఏటీ అనుకోకండి. ఒక్కలుంటే ఏదో గొణుగుతాది. ఇద్దరైతే సాలు, ఇదే మాట" అంది అక్క కూతురు.

మేం బయటికొచ్చి వసారా బల్ల మీద కూర్చున్నాం. ఊళ్ళోకి వెళ్ళే బస్సు ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. మా అత్త నా వైపు చూడకుండానే అంది.

"నీకూ ఏదో ఉందేటే?"

"ఉంది అత్తా."

"నాకూ ఉంది."

అంతే. తను ఏమిటని అడగలేదు, నేనూ అడగలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడ ఎందుకు అడగలేదో నాకు ఆ బల్ల మీద తెలిసింది. ఆ గుమ్మం అవతల కూర్చుని నాకు కాపలా కాసిన మనిషి, ఎప్పుడో ఒక వాన రోజు ఆ గుమ్మం ఇవతల పడుకునే ఉంటుంది. అప్పుడు ఎవరు కాపలా కాశారో.

నా మాట నా సొత్తు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మా అత్తకి చదవడం రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే వినిపించనీ, ఇప్పుడు నాకు భయం లేదు అని రాయబోయాను. ఉంది, కొంచెం.

కబురొచ్చిన రోజు మేమిద్దరం మళ్ళీ అలాగే చెయ్యి పట్టుకుని వెళ్ళాం. పక్కన ఎవరున్నారని మేము అడగకుండానే అక్క కూతురు చెప్పింది. ఆఖరున తనొక్కతే ఉందట, పిన్ని ఏమీ అనలేదట. మా అత్త ఊపిరి వదలడం నాకు వినిపించింది, నాది ఆవిడకీ వినిపించి ఉంటుంది. లోపల గదిలో ఆడవాళ్ళు సిస్టరమ్మకి నీళ్ళు పోయడానికి సిద్ధం చేస్తున్నారు. వసారా నిండా జనం. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఆఖరి చూపని గుమ్మం దాకా తోసుకొస్తున్నారు. మా అత్త నా చెయ్యి వదిలి, స్టూలు ఒకటి అడిగింది. దాన్ని గుమ్మానికి అడ్డంగా వేయించుకుని కూర్చుంది. నొప్పి కాళ్ళు కష్టం మీద బారజాపింది. పక్కనే సిస్టరమ్మ రబ్బరు చెప్పులున్నాయి, మడమల దగ్గర బాగా అరిగిపోయి.

"అందరూ బయటే ఉండండి" అంది.

తోసుకొస్తున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మా అత్త గదికి వీపు పెట్టి, మా అందరి మొహాలూ చూస్తూ కూర్చుంది. లోపల పని అయ్యేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.